చచ్చిన గింజకు పాసు చీటీ

పెనుకొండలోని మా శాఖ విత్తనాల గోదాముకు స్టోర్ కీపరుగా ఉన్న పెద్దాయన మొన్నటి సోమవారం ఉదయం ధర్మవరంలో తన ఇంట్లో కాలం చేశారు. కబురు హిందూపురం కార్యాలయానికి పదకొండు గంటల ప్రాంతంలో, నెలవారీ సమీక్షా సమావేశం జరుగుతుండగా, ఆయన అల్లుడి ఫోను ద్వారా అందింది. ఫోను నేనే ఎత్తాను. విషయాన్ని సభకు నివేదించాను. లేచి నిలబడాలా, కూర్చునే విచారించవచ్చా అన్న విషయమై కొద్దిపాటి సందిగ్ధం నెలకొంది. అందరూ మా పై అధికారి వైపు చూశారు. వారు కూర్చునే ఉన్నందున అందరూ కూర్చునే ఉన్నారు.

“ఈ నెల స్టాకు రిపోర్టు పంపినాడా, పంపకుండానే పోయినాడా?” అని వారు అడిగారు.

“పంపినాడు సార్. శుక్రవారమే వచ్చింది.”

“అయితే ఇబ్బంది లేదు,” అని వారు తరువాతి అంశానికి వెళ్లారు. తరువాతి అంశం కార్యాలయపు మరుగుదొడ్డి తలుపు. దాని మీద చర్చ మధ్యాహ్న భోజనం వరకు సాగింది.

ఒక మనిషి చనిపోయాడని నమ్మడానికి మా శాఖకు ఒక ఫోను సరిపోయింది. ఒక గడ్డి గింజ చనిపోయిందని మా శాఖను నమ్మించడానికి ఆ మనిషికి మిగిలిన సర్వీసంతా చాలలేదు. ఈ నాలుగు మాటలూ ఆ రెండు మరణాల గురించి. రెండోదానిలో నా సంతకం కూడా ఉన్నందున, పాఠకులు నన్ను వేరుగా నిలబెట్టి చూడనవసరం లేదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

మా శాఖ పని చెప్పుకోవడానికి సులువైనదే. పచ్చిక గడ్డి విత్తనాలు కొనడం, నిల్వ చేయడం, గొర్రెలు మేపుకునే ఊళ్ల గుట్టల మీద, బీళ్లలో చల్లుకొమ్మని పంచడం. కొనడం మాలో అందరికీ వచ్చు. పంచడం, పంచుతూ ఫోటో దిగడం ఇంకా బాగా వచ్చు. మధ్యలో ఉన్న ఆ ఒక్క పని మాత్రం పెద్దాయనకు ఒక్కడికే వచ్చు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, గోదాము చూసి రమ్మని నన్ను పెనుకొండ పంపారు. కొండ కింద ఎండకు రేకుల షెడ్డు టిక్కుటిక్కుమంటోంది. లోపల ఒక పక్క గడ్డి విత్తనాల సంచులు, మరో పక్క చెమర్చిన యూరియా బస్తాలు, నడుమ ఎలుకలు తిరిగిన వాసన. ఆ వాసనలో నిలబడి చిరిగిన తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్న మనిషి, నా పేరైనా అడక్కుండా, ఒక సంచి మూతి విప్పారు.

“చెయ్యి పెట్టప్పా. మోచేతి దాకా పెట్టు. ఎట్లుండాది?”

“వెచ్చగా ఉందన్నా.”

“జ్వరమది. గింజ బతికుండాది గదా, ఊపిరి తీస్తా ఉంటాది. చల్లగా, పొడిగా పెడితే మెల్లగా తీస్తాది, శానా కాలం బతుకుతాది. ఈ రేకుల కింద పెట్టి, పక్కన ఆ తేమ బస్తాలు పెడితే, పరుగెత్తినోని మాదిరి రొప్పుతాది. రొప్పి రొప్పి చస్తాది. చచ్చినాక గూడా చూసేదానికి అట్లే ఉంటాది. అదే దాంతో వచ్చిన కష్టం.”

“మరి చచ్చిందని ఎట్లా తెలుస్తుంది?”

“అడిగితే తెలుస్తాది. నీళ్లిచ్చి గింజనడగల్ల. మనోళ్లు సంచి మెడలో చీటీనడుగుతారు.”

అడగడానికి ఆయనకు ఒక పద్ధతి ఉండేది. మా దగ్గర ఎక్కువగా ఉండేది అంజన్ గడ్డి విత్తనం. అది గింజలా కనబడదు. గొంగళి పురుగు నుంచి రాలిన నూగులా ఉంటుంది. ఆ నూగులో గింజ ఉందో, వట్టి తాలో పైకి తెలియదు. పెద్దాయన పాత రబ్బరు చెప్పులు రెండు, అటకెక్కిన దేవుడి పటంలాంటి భద్రతతో, బీరువాలో దాచుకున్నారు. ఆ చెప్పుల అడుగుల మధ్య నూగును వేసి రుద్దితే పొట్టు రాలి, ఆవగింజ కన్నా సన్నని గింజ బయటపడేది. దాన్ని ముందు పంటితో కొరికేవారు. టక్కుమని విరిగితే పొడిగా ఉన్నట్టు. మెత్తగా వంగితే తేమ పట్టినట్టు. ప్రతి శుక్రవారం ఒక్కో లాటు నుంచి, అంటే ఒక్కసారిగా కొన్న సరుకు నుంచి, వంద గింజలు లెక్కపెట్టి తడి తువ్వాలులో చుట్టి, మంచినీళ్ల కుండ పక్కన పెట్టేవారు. రెండు వారాలు ఆ చుట్ట ఆరిపోకుండా తడుపుతూ, విప్పి, మొలిచినవి ఎన్నో రిజిస్టరులో రాసేవారు. ఆ రిజిస్టరును మా కార్యాలయం ఎన్నడూ అడగలేదు. అడగని రిజిస్టరును అంత శుభ్రంగా రాసిన ఉద్యోగిని నా సర్వీసులో మరొకరిని చూడలేదు.

గింజలకు చల్లని గది కావాలని ఆయన ఏటా అర్జీ పెట్టేవారు. ఒక ఏడు అది మంజూరయింది కూడా. చల్లదనపు యంత్రం హిందూపురం చేరింది, మా పై అధికారి గదిలో బిగించబడింది. కాగితాల ప్రకారం ఆ గది నేటికీ విత్తన నిల్వ గదే. నిల్వ చేయబడినవారు క్షేమంగా ఉన్నారు. ఆ సంగతి తెలిసి పెద్దాయన అన్నది ఒకే మాట: “పోనీలేప్పా. యాడో ఒకచోట ఏదో ఒకటి చెడకుండా ఉంటే అదే చాలు.” ఆ వేసవిలో ఆయన నిచ్చెన వేసుకుని, గోదాము రేకులకు తానే సున్నం కొట్టారు. సున్నం కొట్టడానికి ముందస్తు అనుమతి తీసుకోనందుకు సంజాయిషీ కోరుతూ మెమో వెళ్లింది. దాన్ని టైపు చేసింది నేను.

ఇక అసలు విషయం.

ఒక సంవత్సరం అగళి వైపు రైతుల దగ్గర మంచి అంజన్ విత్తనం కొన్నాం. కోత అయిన కొద్ది వారాలకే అధికారిక పరీక్షకు పంపారు. ఒక్క గింజా మొలవలేదని ఫలితం వచ్చింది. నాశనం చేయమని మా పై అధికారి ఉత్తర్వు వేశారు. పెద్దాయన మొదటి రైలుకు హిందూపురం వచ్చి, చెప్పులు వాకిట్లో విడిచి, వారి ముందు నిలబడ్డారు.

“సార్, అది చావలేదు. నిద్రపోతాండాది. ఈ గడ్డి కోసిన వెంటనే మొలవదు సార్. ఆరు నెలలు, ఒక్కో తూరి ఏడాది పండుకుంటాది. అంతవరకు పొడిగా దాస్తే లేస్తాది.”

“నిద్ర అని రూల్సులో ఎక్కడుందయ్యా? పాసు, ఫెయిలు, రెండే ఉన్నాయి.”

“మన సీమలో పుట్టిన గడ్డి సార్ ఇది. దానికి బుద్ధి ఉండాది. మొదటి వానను నమ్మదు. రాలిన వెంటనే మొలిచిందనుకో, ఒక్క వాన కురిసి మల్ల నెల ఎండ కాస్తే వంశం లేకుండా పోతాది. అందుకని పండుకుంటాది. పండుకున్నోన్ని కాల్చేస్తామా సార్?”

“ఫెయిలైన లాటు గోదాములో ఉంటే ఆడిట్‌లో జవాబు చెప్పడానికి నువ్వు లేస్తావా, నేను లేస్తానా?”

గోదాము వెనక ఖాళీ స్థలంలో కాల్చాం. పంచనామా మీద సాక్షిగా సంతకం చేశాను. నూగు భగ్గున అంటుకుంది. పొగ కొండ వైపు పోకుండా మా ముఖాల మీదికే వచ్చింది. పెద్దాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. చివరి సంచి కాలేదాకా అక్కడే నిలబడ్డారు.

తరువాత ఎప్పుడో అడిగాను, “ఒక్క సంచి పక్కన పెట్టి ఉండొచ్చు కదన్నా, ఎవరికి తెలుస్తుంది?”

“దొంగతనం నాకు రాదప్పా. ఇన్నేండ్లు ఈ డిపార్టుమెంటులో ఉండి గూడా అదొక్కటి నేర్చుకోలే. మొద్దు తలకాయ.”

ఆ మాటను నేను ఆయన గొప్పతనంగా ఇక్కడ ఎత్తి చూపడం లేదు. ఆ ఒక్క విషయంలో ఆయన తప్పు చేశారనే నా అభిప్రాయం. ఒక సంచి దొంగిలించి ఉంటే ఒక గుట్ట పచ్చగా ఉండేది.

ఎందుకంటే, బతికున్నది కాలిపోయాక గోదాములో మిగిలింది ఒక పాత లాటు. అది నాలుగేళ్ల కిందట పరీక్షలో పాసయింది. అప్పటి నుంచి రేకుల కింద యూరియా పక్కన ఉడికింది, వానల్లో కారిన చోట తడిసింది, మళ్లీ ఉడికింది. అయినా దాని మెడలో పాసు చీటీ ఉంది. చీటీకి గడువు ఉంటుంది. గడువు తీరితే పొడిగించాలి. ఆ పొడిగించే పని నాది. హిందూపురంలో కూర్చుని ఒక ముద్ర వేసి, ఒక సంతకం పెట్టేవాణ్ని. గింజ మొహం చూడాలని ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ప్రాణం పోసే పని అంత తేలికగా చేసినవాడు పురాణాల్లో కూడా లేడు.

తాడిమర్రి దగ్గర ఒక ఊరి గుట్టకు ఆ లాటు పంపాలని నిర్ణయమైనప్పుడు పెద్దాయన ఫోను చేశారు.

“అప్పా, ఆ లాటు పోయింది. మూడు తూర్లు తువ్వాలులో పెట్టి చూసినా. ఒక్కటి లేవలే. పంపొద్దని చెప్పు.”

“అన్నా, వానలకు ముందు పంచకపోతే టార్గెట్టు పోతుంది. దానికి పాసు ఉంది కదా.”

“పాసు నీదే గదప్పా,” అన్నారు. తిట్టినట్టు అనలేదు. అడ్రసు సరిచూసుకున్నట్టు అన్నారు.

లారీ వెళ్లింది. ఫోటో దిగారు. ఆ ఏడు వాన మంచిగానే పడింది. గుట్ట మీద రాళ్లు కడిగినట్టు తళతళలాడాయి. గడ్డి మాత్రం ఒక్క పోచ లేవలేదు.

ఆ ఊరి నుంచి గొర్రెలు కాసే ఒక అవ్వ, పెద్దాయనను తోడు పెట్టుకుని, ప్యాసింజరు రైల్లో హిందూపురం వచ్చింది. వయసు అరవై దాటి ఉంటుంది. భుజాన కంబళి, చేతిలో కర్ర. కర్రను బయట పెట్టి రమ్మన్నారు, పెట్టి వచ్చింది.

“ఎంత లోతు విత్తినారమ్మా?” అని మా పై అధికారి విచారణ ప్రారంభించారు.

“విత్తలేదు సామీ, చల్లినాం. మీ గోదామన్న చెప్పినట్టే చల్లి, మీద గొర్రెల్ని తోలినాం. గొర్రి గిట్ట ఎంత దిగితే అంతే లోతు.”

“గిట్ట ఎంత దిగిందో కొలిచినారా?”

“గొర్రిని తోలుకొచ్చింటే మీరే కొలుచుకుందురు సామీ. రైల్లో ఎక్కనీరని ఇడిసిపెట్టి వచ్చినా.”

గుమాస్తాలు ఫైళ్లలో తలలు దించుకుని నవ్వారు. మా పై అధికారికి కోపం వచ్చింది. ఆమెను బయట కూర్చోమని, నన్ను పిలిచి, నివేదికలో ఒక వాక్యం చేర్చమన్నారు. వాక్యం నన్నే తయారు చేయమన్నారు, నా భాష బాగుంటుందని. నేను తయారు చేశాను: “లబ్ధిదారులు విత్తనమును నిర్దేశిత లోతుకు మించి పూడ్చినందున మొలక రాలేదని క్షేత్ర విచారణలో తేలినది.” క్షేత్రానికి ఎవరూ వెళ్లలేదు. వాక్యం మాత్రం బాగా కుదిరింది. ‘తేలినది’ అన్న మాట దగ్గర వారు తల కూడా ఊపారు.

ఆ వాక్యం ఆధారంగా ఆ ఊరు అజాగ్రత్తపరుల జాబితాలో చేరింది. ఇకముందు వారికి శాఖ నుంచి గడ్డి విత్తనం ఇవ్వరాదు. ఒక ఊరి గొర్రెల నోటి దగ్గర మేతను ఒక్క పంక్తితో ఆపవచ్చునని నాకు అప్పుడు తెలిసింది. చేతికి సిరా కూడా అంటలేదు.

కొన్నాళ్లకు పెద్దాయన నన్ను బలవంతంగా ఆ గుట్టకు తీసుకుపోయారు. ధర్మవరంలో బస్సెక్కించి, దిగినాక మైలు దూరం నడిపించారు. గుట్ట మీద ఒక బండ వారన మోకాళ్ల మీద కూర్చుని, వేలితో మట్టి గీకి, నూగు పట్టుకుని నా అరచేతిలో పెట్టారు. వాన తిని, ఎండ తిని కూడా, సంచిలో ఎలా ఉండిందో అలాగే ఉంది.

“చూడప్పా. లోతు యాడుండాది? గోటికి తగిలినంత పైనే ఉండాది. మన్ను ఉండాది, నీళ్లు వచ్చినాయి, ఎండ ఉండాది. ఆకలైనోడు విస్తరి ముందర కూర్చుని చెయ్యి చాపలేదంటే ఏమర్థం? వాడు కూర్చోకముందే చచ్చినాడని. ఇది ఈడ చావలేదు. మన ఇంట్లో చచ్చింది. మన శవాన్ని తెచ్చి వీళ్ల గుమ్మంలో పెట్టి, మీరే చంపినారంటాండాం.”

నేను అక్కడే బండ మీద కూర్చున్నాను. ఎండ వల్ల అని ఆయనతో చెప్పాను. ఆయన సీసాలో నీళ్లిచ్చారు.

తిరిగి వస్తూ బస్సులో అడిగారు, “ఆ వాక్యం తీసెయ్యరాదా?”

“రాసిన నివేదికను వెనక్కి తీసుకునే పద్ధతి లేదన్నా.”

“గింజను కాల్చే పద్ధతి ఉండాది గానీ, వాక్యాన్ని కాల్చే పద్ధతి లేదా.”

అప్పటి నుంచి ప్రతి నెలా పెనుకొండ నుంచి వచ్చే స్టాకు రిపోర్టుకు గుండుసూదితో ఒక చిన్న చీటీ గుచ్చి ఉండేది. సంతకం ఉండదు, సంబోధన ఉండదు. ‘ఆ వాక్యం తీసెయ్యప్పా’ అని మాత్రం ఉండేది. నేను చీటీ తీసి సొరుగులో వేసి, రిపోర్టును మాత్రం పైకి పంపేవాణ్ని. ఎదురుపడినప్పుడు ఆయన దాని గురించి ఎత్తేవారు కాదు. నా పిల్లల చదువు అడిగేవారు, ఎండుమిరపకాయ కొరుక్కుంటూ పెరుగన్నం తినేవారు, తువ్వాలు చుట్టను తడిపేవారు. మూడేళ్లు ఇలా జరిగింది. సొరుగు సగం నిండింది. ఒక మనిషి మరొక మనిషిని అంత మర్యాదగా, అంత కాలం, అంత తక్కువ మాటల్లో సిగ్గుపరచడం సాధ్యమని నేను అనుకోలేదు. సిగ్గు కలిగింది కూడా. అయితే మా శాఖలో సిగ్గుకు ఫారం లేనందున అది ఎక్కడా నమోదు కాలేదు.

శుక్రవారం వచ్చిన ఆఖరి రిపోర్టుకు కూడా ఆ చీటీ ఉంది. అక్షరాలు కొంచెం వంకర పోయాయి.

సంతాప సభను పెనుకొండ గోదాములోనే ఏర్పాటు చేశారు. ఆయన ఫోటో కోసం కార్యాలయమంతా వెతికితే ఏదో పంపిణీ కార్యక్రమపు ఫోటో దొరికింది. అందులో ఆయన వెనక వరుసలో, మా పై అధికారి భుజం వెనక, సగం కనబడుతున్నారు. ఆ సగాన్ని పెద్దది చేయించారు. అంచున వారి భుజం కూడా కొంత వచ్చింది. ఫోటో నిలబెట్టడానికి బల్ల లేకపోవడంతో సంచుల దొంతికి ఆనించి, పూలదండ వేశారు. ఆ సంచులు ఆయన మూడేళ్లుగా చచ్చిందని చెబుతున్న లాటులో మిగిలినవి. ఫోటో పక్కనే పాసు చీటీ వేలాడుతోంది. దాని మీద నా సంతకం, ఈ సంవత్సరానిది, స్పష్టంగా కనబడుతోంది.

మా పై అధికారి ప్రసంగించారు. “ఆయన విత్తనాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాడు. ఆయన చూపిన బాటలో నడవడమే మనం ఇచ్చే నిజమైన నివాళి,” అన్నారు. రెండు నిమిషాల మౌనం ప్రకటించారు. రైలు వేళ కావడంతో ఒక నిమిషానికి కుదించారు. ఆ నిమిషంలో యూరియా బస్తాల వెనక ఎలుక ఒకటి ఏదో కొరుకుతున్న చప్పుడు అందరికీ వినబడింది. సభలో తన పని తాను చేసుకుంటున్నది అదొక్కటే. తరువాత అరటిపళ్లు, కారాబూందీ పంచారు. తొక్కలు ఫోటో కిందనే పడ్డాయి. ఈగలు వచ్చాయి. కుర్చీలు చాలక మా పై అధికారి ఒక సంచి మీద కూర్చున్నారు; లేచేసరికి ప్యాంటు వెనక భాగమంతా నూగు అంటుకుని ఉంది. దులిపినా పోలేదు. “ఛీ, ఏం గింజలయ్యా ఇవి,” అన్నారు.

ఆ మాటతో నేను మనస్ఫూర్తిగా ఏకీభవించాను. నా సర్వీసులో వారి అభిప్రాయంతో ఏకీభవించిన సందర్భం అదొక్కటే.

సభ అయ్యాక ఆయన అల్లుడు నన్ను పక్కకు పిలిచాడు. “మామ పొయ్యే ముందర దినం గూడా ఆ తువ్వాలు తడిపినారా లేదా అని అడిగినాడు సార్. ఏం తువ్వాలో మాకు తెలీదు.” నాకు తెలుసు. కుండ పక్కన చుట్ట ఎండి కట్టెలా బిగుసుకుపోయి ఉంది. విప్పాను. వంద గింజలు, వరుసలు వరుసలుగా, వేటికవే ఉన్నాయి. అదే లాటు. ఏ ఒక్కటీ తెల్లని కొసయినా బయటపెట్టలేదు. తడి ఆరినందువల్ల కాదని రిజిస్టరు చూస్తే తెలిసింది: రెండు వారాలు శుక్రవారంతోనే పూర్తయ్యాయి. ఫలితం గడిలో ఆయనే సున్నా చుట్టి, సంతకం పెట్టి, తరువాత ఇంటికి పోయి పడుకున్నారు.

మరునాడు కార్యాలయంలో నేను ఒక లేఖ తయారు చేశాను. ఆ ఊరి వారు విత్తనాన్ని పూడ్చలేదని, ‘నిర్దేశిత లోతుకు మించి’ అన్న వాక్యం క్షేత్రం చూడకుండా నేను కల్పించినదని, గింజ మా గోదాములోనే చనిపోయిందని, చనిపోయిన దానికి గడువు పొడిగిస్తూ వచ్చింది నేనేనని, ఆ ఊరిని జాబితా నుంచి తీసివేయాలని, పెద్దాయన రిజిస్టరును జతపరుస్తున్నానని రాశాను. మా పై అధికారి దాన్ని రెండుసార్లు చదివారు.

“నీకేమైనా పిచ్చి పట్టిందా? దీని మీద నేను సంతకం పెడితే నేను గూడా ఇందులో ఉన్నట్టే కదా?”

“మీరు పెట్టొద్దు సార్. నాది ఉంది.”

“పోయినోడు పోయినాడు. ఇప్పుడు ఇది ఎవరికోసం?”

డిస్పాచ్ రిజిస్టరులో నంబరు వేసి, ముద్ర కొట్టి, ఒక ప్రతిని జిల్లా కార్యాలయానికి పంపాను. పెనుకొండ వెళ్లి, గోదాములో మిగిలిన సంచుల పాసు చీటీలన్నీ నా చేతులతోనే తెంపాను. అందుకు సంజాయిషీ కోరుతూ మెమో అందింది. భాష బాగానే ఉంది. కొత్తగా వచ్చినవారు ఎవరో నేర్చుకున్నారు.

ఇంకొక ప్రతిని తీసుకుని తాడిమర్రి బస్సెక్కాను. ఇది పోస్టులో పంపవలసినది కాదనిపించింది.

అవ్వ గుట్ట కింద, కంపచెట్టు నీడలో కూర్చుని ఉంది. మంద లేదు, మేత లేక అందరితో పాటు ఆమె కూడా గొర్రెలు అమ్మేసింది. రెండు మేకలున్నాయి. నన్ను గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది. గుర్తుపట్టాక నా వెనక ఇంకెవరికోసమో చూసింది.

“గోదామన్న రాలేదా?”

“పోయినాడవ్వా. పోయిన సోమవారం.”

ఆమె కర్రను అడ్డంగా ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు దాని కణుపు మీద బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది.

“వచ్చినప్పుడల్లా ఈడ మన్ను గెలికి చూసేవాడు. లేస్తాదేమో, ఏదన్నా ఒకటి లేస్తాదేమో అని. లేయదని ఆయప్పకు తెలుసు. అయినా చూసేవాడు.” కొంగుతో మూతి తుడుచుకుంది. “నువ్వెందుకొచ్చినావప్పా?”

లేఖ తీసి మొత్తం చదివాను. ఆఫీసు మాటలున్న చోట విడమరచి చెప్పాను. నా పేరు వచ్చిన చోట గొంతు తగ్గించకుండా చదివాను. ఆమె తల వంచి, చివరి వరకు విన్నది.

“అయితే ఇప్పుడు గింజలిస్తారా?”

“తెలీదవ్వా. జాబితాలోంచి మీ ఊరిని తియ్యమని రాసినా. తియ్యాల్సింది పైవాళ్లు.”

“మల్ల ఈ కాయితం దేనికి?”

“ఆ తప్పు మీది కాదని.”

“మాది కాదని మాకు తెల్దా?”

లేఖను మడవబోతుంటే పక్కనున్న మేక మెడ చాపి దాని అంచు పట్టుకుంది. నేను లాగాను. అది కూడా లాగింది. సగం చిరిగి దాని నోట్లోకి పోయింది.

“తిననీప్పా,” అన్నది అవ్వ, చూపు గుట్ట మీద నుంచి మరల్చకుండానే. “మీ ఆఫీసు నుంచి మా జీవాలకు వచ్చిన మేత ఇదే మొదలు.”

మిగిలిన సగాన్ని కూడా వదిలిపెట్టాను. మేక ఎండలో నిలబడి, కళ్లు సగం మూసుకుని, తొందర లేకుండా నమిలింది. ఆఖరున ముద్ర ఉన్న మూల మిగిలింది. దాన్నీ లోపలికి లాక్కుంది. ఊదారంగు సిరా తడికి కరిగి దాని తెల్లని మూతి మీద మరకైంది. దాని వెనక గుట్ట, రాయి రాయికీ ఎండ కాస్తూ, బోడిగా ఉంది.